మూడో రీల్లో మూడున్నర నిమిషాలు

1974 జూలైలో మా ఆఫీసు నన్ను చల్లపల్లికి రిప్రజెంటేటివ్‌గా పంపింది. విజయవాడ గాంధీనగర్‌లో ఏ మేడ మెట్లెక్కినా ఒక సినిమా పంపిణీ ఆఫీసు తగిలే రోజులవి. రిప్రజెంటేటివ్ అంటే పంపిణీదారు తరఫున సినిమా పెట్టెలతో ఊరికి వెళ్లి, ఆటాటకీ జనాన్ని చూసుకుని, రోజూ రిపోర్టు రాసి, సినిమా ఎత్తేశాక పెట్టెలతో తిరిగి వచ్చే ఉద్యోగి. పెట్టె పోతే ఆఫీసు కంగారుపడేది. మనిషి పోతే ఇంకొకణ్ణి పంపేది. హోదాలో మేము మేనేజరుకు బాగా కింద, పెట్టెకు కాస్త కింద ఉండేవాళ్లం.

బీఎస్సీ చదివి ఈ పనిలో చేరడానికి కారణం సినిమా పిచ్చి. నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో దర్శకులకు మార్కులు వేసేవాణ్ణి. ఇంకా కొబ్బరికాయ కొట్టని సినిమాలకు ముందస్తు అంచనాలు, ఆ ఏడు ఎవరికి ఏ బహుమతి రావాలో జాబితా కూడా అందులోనే. బహుమతులు ఇచ్చేవాళ్లు నన్ను సంప్రదించిన దాఖలా లేదు.

చల్లపల్లికి నేను తీసుకెళ్లింది శేషాచలంగారనే కొత్త దర్శకుడి మొదటి సినిమా. దాని పేరు ఇక్కడ రాయను. అప్పట్లో చూసినవాళ్లకే గుర్తు లేదు. కొల్లేట్లో చేపలు పట్టుకునే కుటుంబం కథ. మూడో రీల్లో ఒక ఇల్లాలు గట్టు మీద నిలబడి, తిరిగొస్తున్న పడవలు లెక్కపెడుతుంది. ఒకటి తక్కువొస్తుంది. మళ్లీ లెక్కపెడుతుంది. మూడున్నర నిమిషాలపాటు మాట లేదు, పాట లేదు, నీటి చప్పుడు కూడా లేదు. చివర్న ఎక్కడో తెడ్డు నీళ్లలో పడ్డ చప్పుడుతో శబ్దం తిరిగొస్తుంది. ఆఫీసు ప్రివ్యూలో చూసిన రోజే ఆ సీనుకు పదికి తొమ్మిది వేశాను. పదో మార్కు ఎవరికీ ఇచ్చే అలవాటు లేదు.

చల్లపల్లిలో మొదటిరోజు మ్యాట్నీకి ఆ సీను వచ్చిన పది సెకన్లకు నేల క్లాసులోంచి ఎవరో "సౌండు" అని అరిచారు. అరనిమిషానికి హాలంతా అదే మాట. ఆపరేటరు మస్తానయ్య ముప్పై ఏళ్లుగా ఆ పనిలో ఉన్నవాడు. ఫిల్ము అంచున ఉండే శబ్దపు గీతను ఒక చిన్న దీపం చదువుతుంది. అది మాడిపోయిందనుకుని మెషీను ఆపి కొత్తది బిగించాడు. సీను మళ్లీ నిశ్శబ్దంగానే మొదలైంది. ఇంకో దీపం బిగించాడు. ఆ రోజుల్లో తెర మీద శబ్దం లేదంటే తప్పు హాలువాళ్లదే. దర్శకుడు కావాలని తీసేసి ఉంటాడన్న అనుమానం ఎవరికీ రాదు.

మూడోరోజుకు ఒక బెంచీ విరిగింది. మస్తానయ్య నన్ను క్యాబిన్‌లోకి పిలిచాడు.

"రిప్రజెంటేటివ్ గారూ, మీ డైరెక్టరు గారు సౌండు పెట్టడం మర్చిపోయారాండీ?"

"మర్చిపోలేదండీ, కావాలనే పెట్టలేదు."

"ఆ ముక్క కింద బెంచీలు ఇరగ్గొట్టేవోళ్లకి మీరెళ్లి చెప్పండి. నేనిక్కడే ఉంటా."

నేను కిందికి వెళ్లలేదు. కోసేయమన్నాను.

చిన్న ఊళ్లలో సినిమాకు కత్తెర పడటం మా వృత్తిలో వింతేమీ కాదు. దానికో పద్ధతి ఉండేది. కోసిన ముక్కను చుట్టి ప్రింటుతోపాటు పెట్టెలో పెట్టాలి. ఏ రీలు, ఎన్ని అడుగులు, ఎందుకు అన్నది రిపోర్టులో రాయాలి. నేను ముక్కను ఖాళీ పాలపొడి డబ్బాలో పెట్టి నా సంచిలో వేసుకున్నాను. రిపోర్టులో రాయలేదు. తొమ్మిది మార్కులు వేసిన చేత్తో ఆ సంగతి రాయబుద్ధి కాలేదు. మర్నాటి నుంచి ఎవరూ అరవలేదు. చాలామంది రాలేదు కూడా. వారం తిరక్కుండానే సినిమా ఎత్తేశారు.

ఆ శనివారం పెట్టెలు సర్దుతుంటే మా మేనేజరు పూర్ణయ్యగారి దగ్గర్నుంచి ట్రంకాల్ వచ్చింది. బెజవాడలో ఒక కళాసమితి ఏటా ఉత్తమ దర్శకుణ్ణి ఎంచి వెండి పళ్లెం ఇచ్చేది. శేషాచలంగారి సినిమా ఆఖరి వడపోతలో నిలిచింది. ఆదివారం పదింటికి ఏడుగురు న్యాయనిర్ణేతలకు షో. దర్శకుడు మద్రాసు నుంచి వస్తున్నారు. ఆయన రెండో సినిమాకు ఒక రైసుమిల్లు ఆసామి పెట్టుబడి పెడతానన్నాడు, పళ్లెం వస్తేనే. దగ్గర్లో ఉన్న ప్రింటు నా దగ్గరున్నదొక్కటే.

"మూడో రీల్లో ఒక సీను తీయించానండీ" అన్నాను.

"ఎంత?"

"మూడు వందల పదిహేను అడుగులండీ."

"మిగతాదెందుకు వదిలేశావ్?" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించారు. "చూడూ, సమితి పెద్దలందరికీ అరవై దాటాయి. ఆ సీను చూస్తే తమ చెవులే పోయాయనుకుంటారు. కోసింది కోసినట్టే ఉంచు. ఆయనకి పళ్లెం, మనకి పోస్టరు మీద ఒక లైను. ఆ ముక్క జోలికెళ్లావో, సోమవారం ఆఫీసుకి రానక్కర్లేదు."

ఆదివారం తొలి బస్సుకు పెట్టెలు టాపు మీద వేయించి బయల్దేరాను. డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. అతికిస్తే ఆయన రెండో సినిమా పోవచ్చు, నా ఉద్యోగం పోవడం ఖాయం. అతికించకపోతే ఎవరికీ ఏమీ తెలియదు, నాకు తప్ప. ఉయ్యూరులో టైరు పోయింది. పటమట దగ్గర ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. పెట్టెలకొకటి, నాకొకటి రిక్షాలు మాట్లాడుకుని ప్రివ్యూ హాలు చేరేసరికి పదికి ఇరవై నిమిషాలు తక్కువ. పెద్దలు కాఫీలు తాగుతున్నారు. పూర్ణయ్యగారు నా సంచి వైపు చూశారు. "అందులోనే ఉందా?" అన్నారు. ఉందన్నాను. "అందులోనే ఉండనీ" అని లోపలికి వెళ్లారు.

క్యాబిన్ మెట్ల దగ్గర ఒక సన్నటాయన నిలబడి ఉన్నారు. రైల్లో నలిగిన చొక్కా. శేషాచలంగారు. పెట్టెల్ని చూసి, "ప్రింటు బాగుందాండీ? గీతలేమన్నా పడ్డాయా?" అని అడిగారు.

నలభై మైళ్లు ఆలోచించినా తేలనిది ఆ ప్రశ్నకు తేలిపోయింది.

"గీతల్లేవండీ. మూడో రీల్లో ఒక సీను లేదు."

"పడవల సీనా?"

"అవునండీ."

"ఎవరు కోశారు?"

"నేనేనండీ. సౌండు పోయిందని బెంచీలు విరగ్గొట్టారు."

"కోశాక గొడవ తగ్గిందా?"

"తగ్గిందండీ."

"ఆ సీనేమైందని ఎవరన్నా అడిగారా?"

"లేదండీ."

డబ్బా ఆయన చేతికిచ్చాను. దాని మీద బొద్దుగా ఉన్న పసిపాప బొమ్మను ఆయన కాస్త ఎక్కువసేపే చూశారు. చెప్పాల్సింది ఇంకొకటుంది కనక అదీ చెప్పాను. ఆ సీను లేకుండా వేస్తేనే పళ్లెం వచ్చే అవకాశం ఎక్కువని మా మేనేజరుగారి అంచనా, నా అంచనా కూడా అదేనన్నాను.

"మీ మేనేజరుగారు సరిగ్గానే చెప్పారు" అన్నారాయన. "అతకడానికి ఎంతసేపు పడుతుంది?"

"పావుగంటండీ."

"మూడో రీలుకి ఇంకా టైముందిగా" అని డబ్బా తిరిగిచ్చి హాల్లోకి వెళ్లారు.

షో మొదలైంది. రీలు సుమారు పది నిమిషాలు ఆడుతుంది. మొదటి రెండూ తిరిగేలోపు నా పని అయిపోవాలి. పాత అతుకు విప్పి, ఫిల్ము అంచును బ్లేడుతో గీకి, సిమెంటు అనే ఫిల్ము జిగురు రాసి, రెండు కొసలూ నొక్కిపట్టి ముప్పై దాకా లెక్కపెట్టాలి. అతుకు దగ్గర టప్పుమనకుండా శబ్దపు గీత మీద నల్లసిరా పూయాలి. ఇలా రెండుచోట్ల చేయాలి. మొదటి అతుకు చేతిలోనే ఊడింది. రెండోసారి నిలిచింది. ఇంకో కొస అతికి సిరా ఆరకముందే హాలు ఆపరేటరు రీలు లాక్కుని మెషీనుకెక్కించాడు. "ఊడితే నాది పూచీ కాదు" అన్నాడు. నాదేనన్నాను.

పడవల సీను వచ్చింది. శబ్దం ఆగిన మరుక్షణం అతని చెయ్యి దీపం మూత మీదికి వెళ్లింది. మణికట్టు పట్టుకున్నాను.

"దీపం బాగానే ఉందండీ."

"వినపడట్లేదుగా."

"వినపడదు."

అతను నన్నోసారి, మెషీనునోసారి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. క్యాబిన్ కంతలోంచి కిందికి చూశాను. ఏడు తలలు. ఒక నిమిషానికి వాటిలో ఒకటి మా కంత వైపు తిరిగింది. ఇంకాసేపటికి అధ్యక్షులవారు చెవిలో వేలు పెట్టి ఆడించుకున్నారు. పూర్ణయ్యగారు తల తిప్పి నేరుగా నన్నే చూశారు. అంత చీకట్లోనూ ఆ చూపు అందింది. ఆఖరి వరుసలో శేషాచలంగారు కదల్లేదు. తెర మీద ఇల్లాలు పడవలు రెండోసారి లెక్కపెడుతోంది. పెద్దవాళ్లు కనక ఎవరూ అరవలేదు. తెడ్డు చప్పుడవగానే ఒకాయన పక్కాయనతో, "హమ్మయ్య, వచ్చింది" అన్నారు.

పళ్లెం ఒక భక్తి చిత్రం దర్శకుడికి వెళ్లింది. అందులో నిశ్శబ్దంగా గడిచిన క్షణం ఒక్కటీ లేదు. సమితి మా ఆఫీసుకు మర్యాదగా ఒక ఉత్తరం కూడా రాసింది. మూడవ రీలునందు శబ్దలోపము గల కాపీని పంపుట వలన చిత్రమునకు తాము న్యాయము చేయలేకపోయితిమని విచారము వెలిబుచ్చారు. రైసుమిల్లు ఆసామి తప్పుకున్నాడు. పూర్ణయ్యగారు ఉత్తరాన్ని నా ముందు పెట్టారు. ఉద్యోగం తీయలేదు కాని, మంగళగిరి పంపారు, ఆ భక్తి చిత్రంతోనే. రోజుకు మూడాటలు.

రెండో సినిమా తీయడానికి శేషాచలంగారికి మూడేళ్లు పట్టింది. స్నేహితులు తలా కొంత వేసుకున్నారని విన్నాను. పంపిణీ మాకే వచ్చింది. పెట్టె తెరిస్తే ఏడో రీలు డబ్బా మూత లోపల టైపు చేసిన కాగితం అతికించి ఉంది. "ఈ రీల్లో నాలుగు నిమిషాలు శబ్దం ఉండదు. దీపం మార్చవద్దు. కోయదలచినవారు ముందుగా నాకు ఒక కార్డు రాయవలెను." కింద మద్రాసు చిరునామా.

ఆ సినిమా చల్లపల్లికి నేనే తీసుకెళ్లాను. జనం అరిచారు. మస్తానయ్య కాగితం చదువుకుని చేతులు కట్టుకు కూర్చున్నాడు. నాలుగు రోజులు ఆడింది, కోయలేదు. ఆ సంగతే కార్డు రాశాను.

రిటైరయ్యేదాకా ఆ పద్ధతే పాటించాను. ఏ రీలు, ఎన్ని అడుగులు, ఎందుకు అని రిపోర్టులో రాయడం, తీసినవారికి ఒక కార్డు వేయడం. కోయడం మానలేదు, ఆ ఉద్యోగంలో అది కుదరదు. చెప్పకుండా కోయడం మానేశాను.