నీళ్లలో గాలి

మా అత్తమ్మ గత శనివారం తెల్లవారుజామున ఆసుపత్రిలో కన్నుమూసింది. ఊపిరితిత్తుల జబ్బు. మగ్గాల పనికి ఊరు విడిచి వచ్చి మేమున్న కోసాడ్ కాలనీలో ఆమె దగ్గర బతికున్న చేపలు కొన్నవాళ్లందరికీ ఈ కబురు చెప్పాలి.

మామయ్య పోయాక మగ్గాల పని మానేసి, ఇంటి ముందు చేపల తొట్టి పెట్టుకుంది. తొట్టి ఎప్పుడూ నీడలోనే ఉండాలి. మంచుగడ్డ పగలగొట్టి వేసేది. టీవీ చూస్తూ కూడా చెంబుతో నీళ్లు ముంచి గాలి కలిసేలా ఎత్తు నుంచి పోస్తూనే ఉండేది.

"నీళ్లు ఏడెక్కితే అండ్ల గాలి నిల్వదు బిడ్డా. సల్లగుంటెనే పట్టుకుంటయి" అనేది.

నేను నమ్మలేదని, ఎండలో పెట్టిన సోడా సీసా నాతోనే మూత తీయించింది. అది పొంగి నా చీరంతా తడిసిపోయింది. "సూసినవా! మూత గట్టిగుండె గాబట్టి గాలి అణిగున్నది, గంతే" అని పడీపడీ నవ్వింది. ఆమెను అంతగా నవ్వించినందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

ఇంకొన్ని చేపలు వేయొచ్చు కదా అంటే మాత్రం కసిరేది. "మగ్గాల కాడ ఒక్క ఇరుకు ఖోలీల పదిమందిమి పండుకుంటిమి. మనం పడ్డది సాలదా, ఇవిగూడ పడాలెనా?"

ఈ ఎండాకాలం ఆమెకే గాలి అందలేదు. ఆక్సిజన్ పెట్టినా నోరు తెరిచే ఉండేది. మాస్కు పక్కకు జరిపి, "తొట్లె నీళ్లు వోసినవా?" అని అడిగేది.

"పోసిన అత్తమ్మా. నువ్వు జర మాట్లాడకు" అని మళ్లీ పెట్టేదాన్ని.

ఆమెను సాగనంపిన రోజు మగవాళ్లు పాడె ఎత్తుకొని వెళ్లాక చూశాను. ఆమెను పడుకోబెట్టడానికి చోటు కోసం ఎవరో తొట్టిని ఎండలోకి జరిపారు. చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఆసుపత్రిలో ఆమె అచ్చం అలాగే ఉండేది.

"మైలల గవి ముట్టకే, పారేపిద్దాం" అంది పక్కింటి చిన్నమ్మ.

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తొట్టిని నీడలోకి లాగాను. ఊరి నుంచి చుట్టాలు వచ్చేదాకా అత్తమ్మ చుట్టూ పెట్టడానికి తెప్పించిన మంచులో ఒక గడ్డ మిగిలింది. దాన్నే పగలగొట్టి వేశాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా నీళ్లు ముంచి పోశాను. ఆమెకు ఇలా ఏమీ చెయ్యలేకపోయాను. చేపలు తేరుకుని ఒక్కొక్కటే అడుక్కి దిగాయి.

వాళ్లమ్మ చితికి నిప్పు పెట్టి, స్నానం చేసి, మా ఆయన తడిబట్టలతో వచ్చాడు. తొట్టి పక్కన కూలబడ్డాడు.

"నీళ్లు సల్లగైనయా?" అని అడిగాడు.

"అయినయి."

నిప్పు పెట్టిన కుడిచెయ్యి నీళ్లలో ముంచాడు. చాలాసేపు తియ్యలేదు.