పిల్లి కాలికి పడిన ముడి

ఆ రోజుల్లో ధర్మవరంలో మగ్గమున్న ఇంట పిల్లికి జరిగే మర్యాద కొత్త కోడలికి జరిగేది కాదు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. (అప్పట్లో కోపం ఉండేది, ఇప్పుడు చల్లారింది.) పడుగుకు పట్టించిన గంజి వాసనకు ఎలుకలు వస్తాయి, నెల రోజుల పని కొరికి పెట్టి పోతాయి. అందుకని మా అత్త పొద్దున్నే పాలు కాచగానే మొదటి గిన్నె దొరసానికి పోసేది. దొరసాని అంటే పిల్లి. తెల్లటి ఒళ్ళు, చెవుల మీద నల్ల మచ్చలు, నడకలో మహా టెక్కు. నేను హిందూపురం నుంచి పదిహేడో ఏట కాపురానికి వచ్చాను. మా నాయన మగ్గం వదిలేసి చింతపండు వ్యాపారంలోకి దిగినవాడు కాబట్టి, ఏది పడుగో ఏది పేకో నాకు తెలియదు. అత్త నాకు ముందుగా నేర్పబూనింది తెగిన పోగుకు ముడి వేయడం. వెంట్రుకంత ముడి, చీరలో కనబడకూడదు, లాగితే ఊడకూడదు. నేను వేసేదాన్ని, ఆమె రెండు కొసలూ పట్టి లాగేది. "ఊడిపాయ," అనేది. అంతే, ఇంకో మాట లేదు. నాలుగు తిట్టినా బాగుండేది. రోజుకు ఇరవైసార్లు ఆ మాట వినీ వినీ, ఈ ఇంట్లో నేను ఎందుకూ పనికిరానని నాకు నేనే తీర్మానించుకున్నాను.

అలాంటి సమయంలో అత్త పెనుకొండలో ఉన్న తన అక్కను చూడటానికి మూడు రోజులకని బయల్దేరింది. బస్సెక్కుతూ "దొరసాని జాగ్రత్తమ్మే," అంది. (కన్నకొడుకు ఊసు కూడా ఎత్తలేదు.) ఆమె బస్సు ఊరు దాటిందో లేదో నేను మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంతలోకి దిగాను. ఆమె వచ్చేలోగా పని నేర్చేసుకుని నోరు వెళ్ళబెట్టేలా చేయాలని నా పథకం. కాలితో తొక్కే చెక్కను బలంగా తొక్కాను. దాని కింద చల్లగా ఉంటుందని పడుకున్న దొరసాని పెట్టిన కేకకు మా ఆయన వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు. చూస్తే ముందు కాలి మీద తోలు చీలి నెత్తురు కారుతోంది.

"మాయమ్మకు ఏం చెప్తావు?" అన్నాడాయన. 'చెప్తావు' అన్నాడు గాని 'చెప్తాము' అనలేదు. కొత్త పెళ్ళికొడుకు ప్రేమ అంతవరకే. అయినా గోనెసంచిలో దొరసానిని పెట్టి, దెబ్బ తగిలిన కాలు ఒక్కటే బయటికి తీసి పట్టుకున్నాడు పాపం. మోచేతి దాకా గీరించుకున్నాడు. నేను ఉప్పునీళ్ళతో కడిగి, పసుపు అద్ది, పాత పంచె చింపి కట్టు కట్టాను. వదిలీ వదలగానే దొరసాని ఆ కట్టును పళ్ళతో పీకి పారేసింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ పీకింది. మూడోసారి నాకు పంతం వచ్చింది. నాలుగు పట్టుపోగులు కలిపి కట్టు చుట్టూ తిప్పి, అత్త నేర్పిన ముడి వేసి బిగించాను. దొరసాని ఆ సాయంత్రమంతా పీకి పీకి అలిసిపోయింది. కట్టు కదల్లేదు. ఆ సంతోషంలో నేను ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను.

పొద్దున లేచి చూసేసరికి పంజా బోండాలా ఉబ్బి ఉంది. కట్టు కనబడనంతగా కండలోకి దిగింది. పాలు ముట్టలేదు, మూలన కూర్చుని మమ్మల్ని చూసి గుర్రుమంటోంది. ముడి విప్పబోతే రాదు, కత్తెర చూపిస్తే మీదికి దూకుతుంది. కాలు కుళ్ళి పోతుందేమోనని నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నిజం చెప్పాలంటే అప్పుడు అత్త గుర్తుకు రాలేదు, ఆ మూగజీవి కుంటిదవుతుందన్న బాధే. సరిగ్గా అప్పుడే గడపలో అత్త గొంతు వినబడింది. అక్క వాళ్ళింట్లో నీళ్ళు పడలేదని ఒక్క రాత్రికే తిరిగి వచ్చేసింది.

"ఏమ్మే, ఏడుస్తాండావు? దొరసాని యాడ?"

"ఆ మూలన ఉండాదత్తా. నేనే తొక్కినా. నేనే కట్టినా. తప్పంతా నాదే," అన్నాను. మా ఆయన అప్పటికే దొడ్లోకి జారుకున్నాడు.

అత్త చేతిలో సంచి కింద పెట్టింది. పిల్లి పక్కన కూర్చుంది. అదేం మాయో, మా ఇద్దర్నీ రక్కిన దొరసాని ఆమె ఒళ్ళోకి తనే ఎక్కింది. పోగులు కత్తిరించే చిన్న కత్తెరతో ముడి పక్కన ఒక్క కోత కోసింది. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు కాసేపు ఉంచి, పైన కాస్త ఆముదం రాసింది. "ఇంగ కట్టొద్దు ఏమొద్దు. దాన్ని దాని మానాన వదిలెయ్," అంది. తర్వాత నేల మీద పడిన పట్టుపోగును తీసి వెలుతురుకు పట్టి చూసింది. ముడికి అటూ ఇటూ పట్టుకుని లాగింది. ఇంకా గట్టిగా లాగింది. ముడి ఊడలేదు.

"ఇది నువ్వు వేసిన ముడేనా?"

"అవునత్తా."

"పిల్లి కాలికి పడిన ముడి నా చీరకెందుకు పడకపాయనే?" అని, ఆమె పకపకా నవ్వింది. నేను ఏడుస్తూనే నవ్వాను. మరునాడు నన్ను చెయ్యి పట్టి మగ్గం ముందు కూర్చోబెట్టింది.

పది రోజుల్లో కాలు మానింది. దొరసాని మళ్ళీ ఎలుకలు పట్టింది. నన్ను మాత్రం క్షమించలేదు. నేను గుంతలో కాలు పెడితే చాలు, లేచి బయటికి పోయేది.

ఇంటికి ఎవరొచ్చినా, చీర బేరానికి వచ్చినవాళ్ళకైనా సరే, అత్త ఈ కథంతా చెప్పేది. "మా కోడలు పని నేర్చింది పిల్లి కాలి మీద," అని ముగించేది. నేను సిగ్గుతో చచ్చి వంటింట్లోకి పారిపోయేదాన్ని, ఈ మనిషి ఎప్పుడు మానేస్తుందా అని పళ్ళు నూరుకుంటూ. ఇప్పుడు ఆమె లేదు. ఎవరూ అడగకపోయినా, వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి నేనే చెబుతున్నాను.