తీసేసిన అకౌంట్ నుంచి వచ్చిన మెసేజ్

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా నాన్న నవ్వి ఊరుకునేవాడు. మాది క్రైస్తవ కుటుంబం. ఇంట్లో ప్రార్థన ఉండేది, పాటలు ఉండేవి, పోయినవాళ్లు తిరిగొస్తారన్న మాట మాత్రం ఎన్నడూ వినలేదు. పైగా నా పని కంప్యూటర్లతో. ఏం జరిగినా దాని వెనుక ఒక కారణం ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని నా నమ్మకం. ఆ ఆదివారం జరిగినదానికి మాత్రం ఇంతవరకు దొరకలేదు.

నేను తార్నాకలో ఉంటాను. దగ్గర్లోని ఒక క్యాంపస్‌లో కంప్యూటర్ సెంటర్ ఉద్యోగిని. మా క్యాంపస్‌కు సొంత మెసేజింగ్ యాప్ ఉంది. క్లాసుల మార్పులు, హాస్టల్ కబుర్లు, కౌన్సెలర్‌తో విద్యార్థులు చెప్పుకునే బాధలు, అన్నీ అందులోనే నడుస్తాయి.

దాన్ని తయారుచేసింది సుజాత మేడమ్. నాకు పని నేర్పింది ఆవిడే. లాలాపేట్‌లో ఉండేది. మా అందరినీ "బిడ్డా" అని పిలిచేది. ప్రోగ్రామ్ గురించి చెప్పినా ఇంటి గురించి చెప్పినట్టే ఉండేది. లాగిన్ అయ్యే చోటు ముందు తలుపు, మెసేజ్‌లు దాచే చోటు లోపలి గది. జబ్బు చేసి పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆవిడ అకౌంట్‌ను నా చేతులతోనే తీసేశాను.

శనివారం మధ్యాహ్నం మౌనిక అనే పీజీ అమ్మాయి స్నేహితురాలి చెయ్యి పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. ఆమె పేరుతో ఎవరో క్లాసు మొత్తానికి మెసేజ్‌లు పంపుతున్నారు. అంతకన్నా ఘోరం, కౌన్సెలర్‌కు మాత్రమే రాసుకున్న మాటలు వాటిలో ఉన్నాయి.

"నేను ఊరికి పోత మేడమ్. చదువు బంద్ చేస్త. గీడ ఎవల మొఖం చూద్దామన్నా భయమైతున్నది" అంది.

సోమవారం దాకా ఆగమని బతిమాలి పంపాను. పరీక్షించి చూస్తే ఆమె చెప్పింది నిజమే. యాప్‌లో లోపం ఉంది. కాస్త పని తెలిసినవాడు ఇంకొకరి పేరుతో లోపలికి వెళ్లి, వాళ్ల మాటలు చదవొచ్చు, వాళ్లలాగే రాయొచ్చు.

మర్నాడు చర్చి మానుకుని ల్యాబ్‌కు వెళ్లాను. నాతో పనిచేసే నర్సింహ అన్న రామంతాపూర్ నుంచి వచ్చాడు. సర్వర్‌కు బయటి నెట్ వచ్చే కేబుల్‌ను ఆయన నా ముందే పీకి టేబుల్ మీద పెట్టాడు. ఇక ఒకదానితో ఒకటి కలిసి మిగిలినవి ఆ గదిలోని సర్వర్, మా ఇద్దరి లాప్‌టాప్‌లు, యాప్ పరీక్షలకు వాడే ఒక ఫోన్, అంతే. ఆ ఫోన్‌లో సిమ్ లేదు. దాన్ని ల్యాబ్‌కు తెచ్చింది కూడా మేడమ్ పోయిన తర్వాతే.

మధ్యాహ్నానికల్లా ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ సిద్ధమైంది. ఆ మోసాన్ని మేమే చేసి చూశాం. యాప్ లోపలికి రానివ్వలేదు. ఇంకోరకంగా ప్రయత్నించాం. అప్పుడూ రానివ్వలేదు.

"అయిపోయింది తియ్యి. చాయ్ తాగినంక కేబుల్ పెడదాం" అని అన్న లాప్‌టాప్ మూసి, చాయ్ తేవడానికి క్యాంటీన్‌కు వెళ్లాడు.

ఆదివారం కాబట్టి బిల్డింగ్‌లో మనుషుల అలికిడి లేదు. కిటికీ అవతల ఎండ మండిపోతోంది. నేను కుర్చీలో వెనక్కి వాలానో లేదో, టేబుల్ మీది ఫోన్ వణికింది.

స్క్రీన్ మీద సుజాత మేడమ్ పేరు. పక్కన ఆవిడ ఫొటో, నీలం చీరలో ఉన్నది. కింద ఒకే వాక్యం.

"బిడ్డా, ఎనక తలుపు తీసే ఉన్నది."

ముందు ఇల్లే గుర్తొచ్చింది. ఇంట్లో మా చెల్లె ఒక్కతే ఉంది. నా ఫోన్ నుంచి దానికి ఫోన్ చేసి, వెనక తలుపు చూడమన్నాను. అది వెళ్లి చూసి వచ్చింది.

"గడియ పెట్టే ఉన్నదక్కా. ఏమైంది, గట్ల అడుగుతున్నవ్?"

ఏమీ లేదని పెట్టేశాను. అప్పుడే అన్న చాయ్‌తో వచ్చాడు. ల్యాబ్ ఫోన్‌ను ఆయన ముందుకు తోశాను. చదివి, చాయ్ గ్లాసులు కింద పెట్టి, నెమ్మదిగా కూర్చున్నాడు.

"నువ్వు పంపినవా అన్నా?"

తల అడ్డంగా ఊపాడు. కేబుల్ టేబుల్ మీదే ఉంది. సర్వర్‌లో వెతికాం. మేడమ్ పేరుతో అకౌంట్ లేదు, అలాంటి మెసేజ్ వెళ్లిన జాడా లేదు. ఫోన్‌లో మాత్రం ఉంది.

అన్నే అన్నాడు. "స్వరూపా, ఇంటి ముచ్చట కాదేమో. మేడమ్ ప్రోగ్రామ్‌ను ఇల్లు అంటుండె గద."

ప్రోగ్రామ్‌ను మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాం. పాత రకం ఫోన్లు ఉన్నవాళ్ల కోసం ఎప్పుడో పెట్టిన వేరే దారి ఒకటి అడుగున దొరికింది. దాన్ని అందరం మరిచిపోయాం. మా ప్యాచ్ దాని దాకా వెళ్లనే లేదు. అటునుంచి ప్రయత్నిస్తే క్షణంలో తెరుచుకుంది. మౌనిక కౌన్సెలర్‌కు రాసుకున్న మాటలు మా కళ్ల ముందుకు వచ్చాయి. చదవకుండా స్క్రీన్ పక్కకు తిప్పేశాను. చాయ్ తాగి కేబుల్ పెట్టి ఉంటే ఆ మాటలు మళ్లీ బయటపడేవి.

సాయంత్రానికి ఆ దారినీ మూశాం. ఎవరైనా అటు వస్తే తెలిసేలా ఏర్పాటు చేసి, అప్పుడు కేబుల్ పెట్టాం. సోమవారం పొద్దున్నే ఒకడు సరిగ్గా అటే వచ్చి దొరికిపోయాడు. మౌనిక క్లాసువాడే. అధికారులు వాడిమీద చర్య తీసుకున్నారు. మౌనిక ఊరికి వెళ్లలేదు. ఆ సెమిస్టర్ పరీక్షలు రాసింది. ఈ మెసేజ్ సంగతి ఆమెకు చెప్పలేదు.

నాకు తోచిన కారణాలన్నీ ఒక్కొక్కటే పరీక్షించాను. ఎప్పటిదో మెసేజ్ ఆలస్యంగా వచ్చిందనుకుందామంటే, ఆ ఫోన్ మేడమ్‌ను చూడనే లేదు. బయటివాడి పని అనుకుందామంటే దారి లేదు. మిగిలింది అన్న ఒక్కడే. ఒప్పుకుంటాను, చాయ్‌కు వెళ్లేముందే కాసేపాగి మెసేజ్ వచ్చేలా పెట్టి ఉంటాడని చాలాకాలం ఆయన్నే అనుమానించాను.

మొన్న పని అయ్యాక ఇద్దరం తార్నాక చౌరస్తా దాకా నడిచి వస్తుంటే ఆయనే ఆగి అడిగాడు.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. ఆ రోజు నేను చాయ్‌కు పోయినప్పుడు నువ్వే పంపినవ్ గద?"

నేను పంపలేదు. అదే చెప్పాను. ఆయన సరేనని బస్సెక్కాడు. నా మాట నమ్మాడో లేదో తెలియదు. నేను ఆయన మాట నమ్ముతున్నాను. కానీ ఇద్దరం నిజమే చెబుతున్నామంటే, ఆ గదిలో ఆ మెసేజ్ పంపడానికి మరెవరూ లేరు.