ద్రాక్ష అని రాసింది నేనే

అనకాపల్లి జిల్లా కేంద్రమైన ఏడాది నేను పట్టణంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ ఫార్మసిస్టుగా చేరాను. నా కింద ఇద్దరు ఫార్మసిస్టులు ఉండేవారు. అయినా కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళకి నేను కాంపౌండరు బాబునే. విశాఖపట్నం నుంచి వారానికి రెండు రోజులు ఒక కిడ్నీ డాక్టరమ్మ వచ్చేది. ఆవిడ చూసేవాళ్ళలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళ మందుల బాధ్యత నాది.

మార్పిడి చేసిన కిడ్నీని శరీరం పరాయిదిగానే చూస్తుంది. అది తిరగబడకుండా రోగనిరోధక శక్తిని అణచిపెట్టే మందులు జీవితాంతం వాడాలి. వాటిలో ముఖ్యమైనది టాక్రోలిమస్. పన్నెండు గంటల తేడాతో రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. రక్తంలో అది తగ్గితే శరీరం కిడ్నీని తోసేస్తుంది. ఎక్కువైతే చేతులు వణుకుతాయి, తలనొప్పి వస్తుంది, చివరికి ఆ కిడ్నీయే దెబ్బతింటుంది. కంచే చేను మేయడమంటే ఇదే. అందుకే ఉదయం మాత్ర వేసుకోకముందు రక్తం తీసి, మందు ఏ మోతాదులో ఉందో కొలుస్తారు. దాన్ని మేము లెవెల్ అంటాం.

సూరిబాబు ఎస్. రాయవరంలో టైలరు. కిడ్నీ ఇచ్చింది అతని అప్ప నూకరత్నం. ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు తన కళ్ళ ముందు ఉండాలని ఆవిడే తమ్ముణ్ణి, కుట్టు మిషనుతో సహా, కొండకర్లలోని తన ఇంటికి తీసుకుపోయింది. స్టెరాయిడ్ మాత్రల వల్ల అతని ముఖం గుండ్రంగా ఉబ్బితే, ఊళ్ళోవాళ్ళు కొత్త కిడ్నీతో వొళ్ళు చేశాడని మెచ్చుకున్నారట. నేనూ నవ్వాను. అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

వినాయక చవితి దాటిన వారం అతను వచ్చి, సూదిలో దారం ఎక్కడం లేదన్నాడు. చెయ్యి చాపమంటే వేళ్ళు సన్నగా వణికాయి. క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే పెరిగింది. కిడ్నీ పని మందగించిందని దాని అర్థం. శరీరం తిరగబడుతోందేమోనని డాక్టరమ్మ మొదట భయపడి, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడానికి విశాఖ పంపాలనుకుంది. రెండు రోజులకు లెవెల్ వచ్చింది. ఉండవలసినదానికి రెండింతలు దాటింది. అంటే తప్పు శరీరానిది కాదు, మందుది.

మోతాదు తగ్గిస్తే సరిపోతుంది కదా అని మా కుర్ర ఫార్మసిస్టు అడిగాడు. సరిపోదు. కారణం తెలియకుండా తగ్గిస్తే, రేపు ఆ కారణం దానంతటదే తొలగిపోయిన రోజున మందు చాలక కిడ్నీ పోతుంది. సూరిబాబుకి ఇంకో అప్ప లేదు.

మర్నాడే అతణ్ణి పిలిపించాను. అప్ప కూడా వచ్చింది. మిగిలిన క్యాప్సూల్స్ లెక్కపెట్టాను, ఒక్కటీ తేడా రాలేదు. మందు కంపెనీ మారలేదు. దగ్గుకనో జ్వరానికనో బయట మందు కొనలేదు, నాటుమందు ముట్టలేదు. ఇక తిండి సంగతి అడిగాను.

"ద్రాచ్చపళ్ళు ఇంట్లోకే రానీడం లేదండి. మీ కాయితం గోడకి అంటించేసేను," అన్నాడు సూరిబాబు.

ఆ కాగితం మీద నాకు గర్వం. తినకూడనివాటి గురించి డాక్టరమ్మ ఇచ్చిన ఇంగ్లీషు జాబితాను పల్లెవాళ్ళకి అర్థమయ్యే తెలుగులోకి మార్చింది నేనే. బాగా రాశారని రోగుల ఇంటివాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

తమ్ముడి వెనక నిలబడ్డ నూకరత్నం అప్పుడు సంచిలోంచి పెద్ద పంపరపనసకాయ తీసి నా కౌంటరు మీద పెట్టింది.

"మా పెరట్లోదే బాబూ, మీకే తెచ్చేను. సలవ సేత్తది. తమ్ముడికి రోజూ నేనే వొలిచి పెడతన్నాను."

పది మందికి పంచవచ్చని దాన్ని తీసుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను. రోగి అప్ప తెచ్చిందని, అతనూ రోజూ తింటున్నాడని మాటవరసకి చెప్పాను. ఆవిడ కలం ఆపింది. జాబితాలో మేము వద్దన్న నారింజ జాతి పండు గ్రేప్‌ఫ్రూట్‌కి ఇది తోడబుట్టినదేనని, రెండూ టాక్రోలిమస్‌ని శరీరంలో అరగనివ్వవని, అందుకే రక్తంలో మందు పేరుకుపోయిందని చెప్పింది. తెలుగు కాగితంలో ఏమని ఉందో చూపించమంది. చూపించాను. ద్రాక్షపళ్ళు తినరాదు అని ఉంది. ఎవరు రాశారని అడిగింది.

"నేనే," అన్నాను.

గ్రేప్ అంటే ద్రాక్ష, ఫ్రూట్ అంటే పండు. అసలు గ్రేప్‌ఫ్రూట్‌ని నేను జన్మలో చూడలేదు. అదేమిటని ఎవరినీ అడగనూ లేదు. తెలిసినట్టు రాసేశాను. అంత సిగ్గు నేను ఉద్యోగంలో మరెప్పుడూ పడలేదు.

బయటికొచ్చి విషయం చెబితే నూకరత్నం తమ్ముడి భుజం పట్టుకుంది.

"ఇచ్చిన సేత్తోనే పాడు సేసేనా బాబూ?"

తప్పు ఆవిడది కాదని, కాగితం నాదని, అందులోని తప్పు నాదని కౌంటరు ముందున్న అందరికీ వినపడేలా చెప్పాను. ఆవిడ "మరి ఇయ్యేల నుంచీ మానేత్తే బాగవుద్దా?" అని మాత్రం అడిగింది.

బాగైంది. పండు ఆపించి, డాక్టరమ్మ రెండు రోజులు మోతాదు సగం చేసి, లెవెల్ చూసుకుంటూ మళ్ళీ పాత మోతాదుకి తెచ్చింది. మూడు వారాల్లో క్రియాటినిన్ దిగింది, వణుకు తగ్గింది. ఈలోగా నేను మిగతా పదమూడు మందికీ ఫోన్లు చేశాను. ఇద్దరు పంపరపనస తింటున్నారు. అందరూ ద్రాక్ష మానేశారు. ఎలమంచిలి మేస్టారొకాయన నా క్షమాపణంతా విని, "అయితే ఏడాదిగా ఊరికే నోరు కట్టుకున్నానన్నమాట," అన్నాడు.

ఆనాటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. కంటితో చూడని వస్తువుకి తెలుగు పేరు పెట్టను. తినొద్దన్నదాన్ని పేరు చెప్పి వదిలేయకుండా చేతికిచ్చి చూపిస్తాను. రిటైరయ్యేదాకా, సీజను వచ్చిందంటే నా కౌంటరు మీద ఒక పంపరపనసకాయ ఉండేది. అమ్ముతున్నారా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. దాన్ని ఏటా కొండకర్ల నుంచి నూకరత్నమే పంపేది, తన చెట్టుకి కాసిన మొదటి కాయ.