భుజం మీద చెయ్యి

మరిచిపోయిందా, కావాలనే వదిలిందా? సుందరి సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇక్బాల్‌కు ఇదే ప్రశ్న. ఇన్నేళ్లయినా జవాబు దొరకలేదు.

రెండువేల నాలుగు ఎన్నికల ముందు మాట. ప్రొద్దుటూరులో ఇక్బాల్ ఇంటర్నెట్ సెంటర్‌లో పనికి రాజుపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చేది సుందరి. మిషన్ బడిలో పంతులుగా చేసి, చూపు పోయి ఇంట్లో కూర్చున్న ఆనందయ్య కూతురు. పేపర్లో వార్తలే కాదు, ఫోటోల్లో ఏముందో కూడా నాయనకు చెప్పేది. ఆ అలవాటే పనిలోకీ వచ్చింది. వెబ్ పేజీలో ఏ ఫోటో పెట్టినా, అందులో ఏముందో ఒక వాక్యం దాని వెనక రాసేది. ఫోటో తెరుచుకోకపోతే ఆ చోట వాక్యం కనబడుతుంది.

"బొమ్మ ఉండగా మళ్లీ కథ ఎందుకు పాపా?" అనేవాడు ఇక్బాల్.

"మన నెట్టులో బొమ్మ వచ్చేలోపల మనిషి టీ తాగొస్తాడన్నా. అందాక ఏం చూస్తాడు?"

జమ్మలమడుగులో ఒక హైస్కూలు పాత విద్యార్థుల పేజీ పని వచ్చింది. సుందరి పదో తరగతి గ్రూప్ ఫోటో స్కాన్ చేసి పెట్టి, ఎప్పటిలాగే దాని వెనక వాక్యం రాసింది. వెనక వరసలో ఆదినారాయణ, ఆయన భుజం మీద చెయ్యేసి నారాయణ. పెద్దయినాక ఇద్దరూ చెరో పార్టీ అయినారు. మూడేళ్ల కిందట పులివెందుల రోడ్డులో నారాయణను చంపేసినారు. ఆ కేసులో ఆదినారాయణ పేరుంది. ఇప్పుడు పేజీ చేయిస్తాండేది ఆయనే.

సుమో దిగొచ్చి, తెర మీద వేలు పెట్టినాడు. "పాపా, ఈ పక్కనోన్ని తీసెయ్."

"తీస్తే మీ భుజం మీద చెయ్యి మిగుల్తాదన్నా."

ఇక్బాల్ గబుక్కున ఆయనకు కుర్చీ జరిపినాడు. ఆదినారాయణ మాత్రం నవ్వినాడు. "చెయ్యి కూడా తీసెయ్."

ఆ పూటంతా సుందరి ఫోటోలో నారాయణను చెరిపి, ఆదినారాయణ చొక్కా గుడ్డనే ముక్కలు ముక్కలుగా భుజం మీద అతికిస్తూ, ఒక్కో వేలినే కప్పేసింది. వెనక రాసిన వాక్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది ఇక్బాల్‌కు తెలీదు.

నాలుగోరోజు సుమో పులివెందుల నుంచి నేరుగా వచ్చి ఆగింది. అక్కడ పార్టీ పెద్దల ముందర ఆదినారాయణ పేజీ తెరిపించినాడంట. ఫోటో రాలేదు. ఖాళీ గడిలో రెండు పేర్లూ, భుజం మీద చెయ్యీ అక్షరాలై నిలబడినాయి. అందరూ చదివినారు.

"ఎవురు రాసిరి ఇది?"

సుందరి తల ఎత్తేలోపల ఇక్బాల్ అందుకున్నాడు. "నేనేన్నా. తీసేది మరిచిపోయినా."

"నీకు మౌసు పట్టుకునేదే సరిగ్గా రాదు గదప్పా."

ఇక్బాల్ సుందరికి అడ్డంగా జరిగినాడు. ఏం జరిగినా సెంటర్‌తో పోవాల, పిల్ల జోలికి రాకూడదు. ఆదినారాయణ స్టూలు లాక్కొని కూర్చున్నాడు. ఆ వాక్యాన్ని మళ్లీ చదివినాడు. కాలరు సర్దుకోబోయిన చెయ్యి కాసేపు భుజం మీదే ఆగింది.

"మొత్తం ఫోటో తీసెయ్ పాపా," అన్నాడు చివరికి. "నేను కూడా వద్దు."

సుందరి తీసేసింది. వాక్యం కూడా దాంతోపాటే పోయింది.

ఇక్బాల్ సుమో దాకా పోయి సాగనంపినాడు. అది మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడినాడు. ఈరోజు అడిగెయ్యాల, మరిచిపోయినావా, లేకుంటే... అనుకుంటూ లోపలికొచ్చినాడు.

కంప్యూటర్ ఆపేసి ఉంది. తెప్పించిన టీ అట్లే ఉంది, పొగలు పోతా. వెనక సందులోకి తలుపు తీసి ఉంది. గడప కాడ సుందరి చెప్పులు లేవు. మర్నాటి నుంచి రాజుపాలెం బస్సులో ఆ పిల్ల మళ్లీ దిగలేదు.