మావయ్యగారు రెండుసార్లు ఆయ్ అన్నారు

మా వైపు ఆయ్ అంటే అవును అనే కాదు. వింటున్నానండీ, చెప్పండి, అని కూడా. ఒప్పుకున్నా ఆయ్ అంటాం, ఒప్పుకోకపోయినా ముందు ఆయ్ అనే మొదలుపెడతాం. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం మర్యాద కాదు మరి. ఈ ముక్క హైదరాబాదులో ఒకాయనకి తెలియకపోవడంతో మా బావికి నోరు లేకుండా పోయింది.

రాజోలు దగ్గర మా కొబ్బరితోటని ఆనుకుని రొయ్యల చెరువులున్నాయి. వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేశాక వాళ్ళు ఉప్పునీటి బోర్లు ఆడిస్తారు. ఇక మా బావి నీళ్ళు ఉప్పెక్కి నోట పెట్టలేం. పప్పు ఉడకదు, చెట్టున పిందె నిలవదు. ఎవరికి చెప్పుకున్నా "ఎండలకి ఎవరి బావైనా అంతేనండీ" అనేవారు. అందుకని మా ఆయన మస్కట్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు ఒక లాగర్ కొని, తాడు కట్టి బావిలోకి దించి వెళ్ళారు. టార్చిలైటంత స్టీలు గొట్టం. నీళ్ళలో ఎంత ఉప్పుందో గంటగంటకీ దానంతటదే లోపల దాచుకుంటుంది. చూడాలంటే పైకి తీసి వైరుతో కంప్యూటరుకి తగిలించాలి. లాగర్ అన్న మాట మా మావయ్యగారికి నోరు తిరగలేదు. సాక్షిగొట్టం అని పేరు పెట్టారు.

వేసవంతా దాన్ని నన్ను ముట్టనివ్వలేదు. "మధ్యలో తీస్తే మనమే ఏదో మార్చేమంటారమ్మా. అలా ఉండనీ" అనేవారు. పొద్దున్నే బావిలోకి తొంగిచూసి, తాడు ఉందని చూసుకుంటే గానీ కాఫీ తాగేవారు కాదు. ఈలోగా పక్కవాళ్ళు ఇంకో చెరువు తవ్వుతామని దరఖాస్తు పెట్టారు. దాని మీద అమలాపురంలో విచారణ పడింది. అప్పటికే కాలవలకి నీళ్ళు వదిలేశారు, వానలు పడ్డాయి, బావి మళ్ళీ తీపెక్కింది. వేసవిలో మేము పడ్డ బాధకి ఆధారమంటూ ఉంటే అది ఆ గొట్టంలోనే ఉంది.

విచారణకి ముందురోజు దాన్ని పైకి తీసి, తుడిచి, నా ఫోను ఛార్జరు వైరుతో కంప్యూటరుకి పెట్టాను. గొట్టం మీద లైటు వెలిగింది. కంప్యూటరు మాత్రం నువ్వెవరన్నట్టు కూర్చుంది. వైరు పీకి అటు పెట్టాను, ఇటు పెట్టాను. మావయ్యగారు పక్కన కుర్చీ వేసుకుని "లైటొచ్చింది కదమ్మా, ఇంకేం?" అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి హైదరాబాదులో గొట్టం అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే ఒకాయన ఎత్తాడు. నా వైరు కరెంటు ఇస్తుంది గానీ లోపలి సంగతులు మొయ్యదట. పెట్టెతో వచ్చిన వైరే కావాలట. అటక మీంచి పెట్టె దింపి ఆ వైరు తగిలించగానే కంప్యూటరు గుర్తుపట్టింది. ప్రాణం లేచొచ్చింది. "స్క్రీను నాకు వదిలెయ్యండి మేడమ్, మిగతాది ఇక్కణ్నుంచే చేస్తాను" అన్నాడాయన. వదిలేశాను. ఇంతలో వంటింట్లోంచి పాలు మాడిన వాసన. ఫోను మావయ్యగారి చేతిలో పెట్టి పరిగెత్తాను.

పొయ్యి తుడుస్తుంటే మావయ్యగారి గొంతు వినిపిస్తూనే ఉంది. "ఆయ్." కాసేపాగి ఇంకోసారి, "ఆయ్." ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, నాకూ అది వట్టి చప్పుడే.

వచ్చి చూసేసరికి తెర మీద ఒక్క అంకె లేదు. ఫోను లాక్కుని ఇదేమిటండీ అన్నాను.

"మెమరీ నిండిపోయింది మేడమ్. పాతది తీసేసి కొత్తగా స్టార్ట్ చెయ్యమంటారా అని సార్‌ని అడిగాను, ఎస్ అన్నారు. బ్యాకప్ తీసుకున్నారు కదా అన్నాను, దానికీ ఎస్ అన్నారు."

"ఎస్ అనలేదండీ! ఆయ్ అన్నారు!" అని అరిచాను.

"రెండూ ఒకటే కదా మేడమ్?"

పోయింది తిరిగి రాదా అంటే రాదన్నాడు. ఆ మనిషిని నేనన్న మాటలు ఇక్కడ రాయను. మావయ్యగారిని మాత్రం ఏమనను? "ఆయనేదో చెప్తున్నారు కదా అని వింటున్నానమ్మా" అన్నారు, మొహం పాలిపోయి. గొట్టం మీద లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. మళ్ళీ సాక్ష్యం కావాలంటే మళ్ళీ వేసవి రావాలి, బావి మళ్ళీ చెడాలి. మా నీళ్ళు పాడవ్వాలని మేమే దేవుడికి మొక్కుకునే గతి పట్టిందని నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు అమలాపురంలో అధికారి మర్యాదగానే మాట్లాడారు. బావి నీళ్ళు మొన్ననే పరీక్ష చేయించామని, బాగానే ఉన్నాయని చెప్పారు. నేను జరిగింది చెప్పబోతే, "భూమి పెద్దాయన పేరున ఉందమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి" అని నా నోరు మూయించారు. మావయ్యగారి వైపు తిరిగి, "ఆధారం లేదు కాబట్టి, మీకు అభ్యంతరం లేదని రాసుకుంటాం. సరేనా అండీ?" అన్నారు.

మావయ్యగారి పెదాలు కదిలాయి. అలవాటైన మాట గొంతుదాకా వచ్చే ఉంటుంది. దాన్ని మింగేసి, పెదవి పళ్ళతో నొక్కిపట్టి, తల దించుకుని కూర్చున్నారు. అధికారి కాసేపు చూశారు. "మౌనం అర్ధాంగీకారం. రాసుకోవయ్యా" అని గుమాస్తాకి చెప్పారు. నేను కాదండీ, కాదండీ అంటూనే ఉన్నాను. అప్పటికే తర్వాతివాళ్ళని పిలిచారు.

మెట్లు దిగుతూ మావయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఈసారి నేను ఆయ్ అనలేదు కదమ్మా" అన్నారు.