దుబాసీతో జరిగిన రహస్య విచారణ

అమీర్‌పేట్ మెట్రో స్టేషన్‌లో రెండు లైన్లు కలిసింది నా సలహా మీదే అంటే మా వీధిలో ఎవరూ కాదనరు. నమ్మరు కూడా. పంజగుట్ట ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఓ చిరుతపులి నా స్కూటీ పక్కన నిలబడిందనీ, ఎర్రలైటుకి అది ఆగింది గానీ ఆటోవాడు ఆగలేదనీ చెప్పినప్పుడు, ఆటోవాడి సంగతి మాత్రం నమ్మారు. ఇన్నేళ్ళుగా కోతలు కోస్తున్నదాన్ని, ఎదుటివాడి కోతను ఇట్టే పసిగట్టగలను. ఆ విద్య ఓసారి పిన్నిగారికి పనికొచ్చింది.

పిన్నిగారంటే మా పక్క భవనంలో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఆవిడ. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఎన్నో ఏళ్ళయినా ఆవిడ హిందీ కూరగాయల బండి దాటి ముందుకు పోలేదు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మెట్లెక్కేటప్పుడు ఒక్కో మెట్టునూ విడివిడిగా తిడతారు. ఆపరేషన్ కోసం దాచుకున్న డబ్బు బ్యాంకులో డిపాజిట్ చేసి, డాక్టరు తేదీ చెప్పడం కోసం ఎదురు చూస్తున్నారు.

ఆ రోజు పిల్లలంతా కోచింగులకీ ఆఫీసులకీ వెళ్ళిపోయాక, కాస్త కరివేపాకు అడుగుదామని వెళ్ళాను. భోజనాల హాల్లో సాంబారు గిన్నెకి ఆనించిన ఫోను. ఫోన్లో ఖాకీ బట్టల్లో ఓ మనిషి. ఎదురుగా చేతులు కట్టుకుని పిన్నిగారు. ఆవిడ పక్కన, కింద షాపులో బట్టలు కుట్టే టైలర్ భాయ్, మెడలో టేపుతో.

“ఏంటి పిన్నిగారూ, ఎవరాయన?”

“ముంబై నుంచి పోలీసు గారు, అమ్మాయ్. నా పేరు మీద ఏదో పార్సిల్ పట్టుకున్నారట. అందులో మత్తుమందులున్నాయట. ఆయన హిందీ నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అందుకే భాయ్‌ని కేకేశాను.”

ఫోన్లోంచి పెద్ద గద్దింపు. భాయ్ శ్రద్ధగా విని తెలుగులోకి దించాడు.

“అమ్మా, సార్ ఏమంటుండంటే, గీ ముచ్చట ఎవ్వరికీ చెప్పొద్దంట. రూముల నువ్వు ఒక్కదానివే ఉండాల్నంట. తలుపు సుత పెట్టుకోవాల్నంట.”

“అలాగేనండి అని చెప్పు,” అన్నారు పిన్నిగారు. నా వైపు తిరిగి, “కూర్చో అమ్మాయ్, నిలబడ్డావేం?”

భాయ్ వెళ్ళి తలుపు గడియ పెట్టి, మా మధ్యకే వచ్చి నిలబడ్డాడు. మళ్ళీ గద్దింపు.

“నిన్ను ఫోన్ల అరెస్ట్ చేసిండంట అమ్మా. నీ బ్యాంకుల పైసలు అసలువా, దొంగవా చూస్తరంట. సార్ చెప్పిన ఖాతాల వెయ్యాలె, చెకింగ్ అయినంక వాపస్ ఇస్తరంట. ఇప్పుడే బ్యాంకుకి పోవాల్నంట, ఫోన్ కట్ చెయ్యొద్దంట.” భాయ్ మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. “సార్ మస్తు కోపంల ఉన్నడు.”

పిన్నిగారు లేచి బీరువాలోంచి డిపాజిట్ కాగితాలు తీశారు.

నేను కోతలు కోసేటప్పుడు నలుగురుంటే ఐదో మనిషిని కూడా పిలుస్తాను. వీడికేమో ఒక్క మనిషే కావాలి, తలుపు మూసి ఉండాలి, ఇంకొకరిని అడిగే తీరిక దొరక్కూడదు. ఇది మా జాతి కోత కాదు. “పిన్నిగారూ, ఏ పోలీసూ ఫోన్లో అరెస్టు చెయ్యడు. లెక్క చూడటానికి మన డబ్బు ఎక్కడికీ పంపమనడు,” అన్నాను.

“యూనిఫాం వేసుకున్నాడు కదమ్మా.”

“మన భాయ్‌కి బట్ట ఇస్తే మీకూ కుట్టిస్తాడు.”

ఆవిడ వినే స్థితిలో లేరు. ఒక కాలికి చెప్పు కూడా తొడిగేశారు. ఇక లాభం లేదని నేనే ఫోను ముందు కూర్చున్నాను.

“భాయ్, ఆయనకి చెప్పు. ఆ పార్సిల్‌లో నా సామాను కూడా ఉంది. రెండు ఏనుగు దంతాలు, ఓ నెమలి సింహాసనం. అవి దొరికాయా లేదా?”

“అక్కా, పరేషాన్ చెయ్యకు. మనల్ని సుత లోపలేస్తడు.”

“చెప్పవయ్యా.”

భాయ్ చెప్పాడు. అవతలివాడు ఏవో కాగితాలు తిరగేసి, మళ్ళీ గొంతు పెంచాడు.

“దొరికినయంట అక్కా. దంతాలు, సింహాసనం, అన్నీ. కేసు ఇంకా పెద్దగయిందంట.” అనేశాక గానీ తను చెప్పిందేమిటో భాయ్‌కి తెలియలేదు.

పిన్నిగారు రెండో చెప్పు తొడగబోతూ ఆగారు. “దంతాల సంగతి నువ్వు ఇప్పుడే కల్పించావు కదూ?”

“అవును.”

“మరి ఆయనకెలా దొరికాయి?”

ఆవిడ కాగితాలు నా ఒళ్ళో పడేసి కుర్చీలో కూలబడ్డారు. ఇన్ని మంచినీళ్ళు తాగాక భాయ్‌తో అన్నారు. “ఆ సింహాసనం మీద ఆయన్నే కూర్చోమను నాయనా.” భాయ్ ఈసారి బెదరకుండా, ఇంకో రెండు మాటలు తనవి కూడా కలిపి చెప్పాడు. అవతల ఫోను పెట్టేశారు.

అప్పటికప్పుడే సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయించాం, బ్యాంకుకీ చెప్పాం. ఆ డబ్బుతోనే మోకాళ్ళ ఆపరేషన్ జరిగింది.

ఇప్పుడు కేవైసీ అనో, కరెంటు కట్ చేస్తామనో ఎవరైనా ఫోన్ చేస్తే పిన్నిగారు స్పీకర్ పెట్టి టేబుల్ మధ్యలో ఉంచుతారు. పిల్లలు టిఫిన్ ప్లేట్లతో చుట్టూ చేరతారు. చాలామంది ఆ సందడి వినగానే పెట్టేస్తారు. మొన్న ఒకడు మాత్రం గొంతు తగ్గించి, ఓటీపీ చెప్పండి మేడమ్ అంటూ గుసగుసలాడాడు.

“జర గట్టిగా మాట్లాడు బాబూ,” అన్నారు పిన్నిగారు. “వెనక వాళ్ళకి వినబడటం లేదు.”